కబడ్డీ కోర్టులోకి దిగే ముందు: గోళ్లు, దారాలు, నంబర్లు తనిఖీ చేసే పద్ధతి

మండల స్థాయి పాఠశాల క్రీడల్లో మొదటిసారి విజిల్ పట్టుకోబోతున్న వ్యాయామ ఉపాధ్యాయుల కోసం ఇది రాస్తున్నాను. శ్రీకాకుళం జిల్లాలో చాలా ఏళ్లుగా పిల్లల కబడ్డీ పోటీలకు అంపైరుగా, రెఫరీగా నిలబడిన అనుభవంతో చెబుతున్నాను: మన దగ్గర గొడవలు రైడర్ (కూతకు వెళ్లిన ఆటగాడు) టచ్ చేశాడా లేదా అన్న దగ్గర ఎన్ని పుడతాయో, గోరు, దారం, చొక్కా మీది నంబరు వంటి చిన్న విషయాల దగ్గర కూడా అన్ని పుడతాయి. టచ్ విషయంలో వచ్చే గొడవను పూర్తిగా ఆపడం ఎవరి వల్లా కాదు గాని, ఈ రెండో రకం గొడవలను మాత్రం మొదటి విజిల్‌కు ముందే నూటికి తొంభై పాళ్లు ఆపవచ్చు.

నియమాలు చూస్తే ఎక్కువేమీ లేవు. ఆటగాళ్ల గోళ్లు బాగా కత్తిరించి ఉండాలి. ఒంటి మీద ఆభరణాలు ఉండకూడదు. శరీరానికి నూనె గాని, జారే పదార్థం మరేదైనా గాని రాసుకోకూడదు. చొక్కా మీద నంబరు ముందువైపు కనీసం 4 అంగుళాలు, వెనుకవైపు కనీసం 6 అంగుళాలు ఉండాలి. మ్యాట్ మీద ఆడేటప్పుడు బూట్లు తప్పనిసరి. ఇంతే. కానీ వీటిని ఎప్పుడు, ఏ వరుసలో, ఏ మాటతో అమలు చేశామన్న దాన్నిబట్టి ఇవి పిల్లలకు రక్షణ అవుతాయి, లేదా శిక్ష అవుతాయి.

నా తప్పే ముందు చెప్పుకుంటాను. ఉద్యోగంలో చేరిన తొలి రోజుల్లో, సముద్రం ఒడ్డున ఉన్న ఒక ఊళ్లో ఇసుక నేల మీద జరిగిన అండర్-17 బాలికల పోటీకి నేను రెఫరీని. రెండో సగంలో స్కోరు నువ్వా నేనా అన్నట్టు ఉంది. అంతలో అవతలి జట్టు మాస్టారు లేచి, ఒక అమ్మాయి కాలి మడమ పైన నల్లతాడు ఉందని కేక వేశారు. నేను విజిల్ వేసి, తాడు తీసేసి రమ్మని ఆ పిల్లను బయటికి పంపాను. చెమటకు, ఇసుకకు ముడి బిగుసుకుపోయి ఊడలేదు. మైదానంలో ఎవరి దగ్గరా కత్తెర లేదు. ఆట ఆగకూడదన్న పట్టుదలతో నేను మిగిలిన ఆరుగురితోనే ఆడించాను. ఎవరో పరుగెత్తి వెళ్లి కొబ్బరి బొండాల కత్తి తెచ్చి ఆ తాడు కోసేలోపే జట్టు మొత్తం అవుటై, లోనా పడి, అవతలి వారికి అదనంగా 2 పాయింట్లు వెళ్లిపోయాయి. ఆ పిల్ల మొదటి సగమంతా అదే తాడుతో నా కళ్ల ముందే ఆడింది. ఆట అయ్యాక వాళ్ల మాస్టారు నా దగ్గరికి వచ్చి, "ఏటి సార్, ఉదయాన్నే ఓ మాట చెప్తే మేమే తీయించేద్దుం కదా" అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు. నియమం తప్పు కాదు, పిల్ల తప్పూ కాదు. మ్యాచ్‌కు ముందు చేయవలసిన తనిఖీ చేయకుండా, మధ్యలో ఎవరో అరిస్తే చేయడం నా తప్పు.

అందుచేత తనిఖీని మ్యాచ్‌కు అరగంట ముందు పెట్టుకోండి. రెండు జట్లనూ ఒకేచోట, పక్కపక్కన రెండు వరుసల్లో నిలబెట్టండి. ఒక జట్టును చూసి మరో జట్టును వదిలేశారన్న మాట రాకుండా ఉండడానికి ఇదొక్కటే మార్గం. ఆడే ఏడుగురినే కాక, బయట కూర్చునే ఆటగాళ్లందరినీ చూడాలి. చాలామంది అంపైర్లు మరచిపోయేది ఈ బయటివాళ్లనే. బాలికల జట్లను మహిళా ఉపాధ్యాయినే తనిఖీ చేయాలి. మైదానంలో ఆ సమయానికి మహిళా ఉపాధ్యాయిని లేకపోతే, ఆమె వచ్చేదాకా ఆగాలే తప్ప మనం చేయకూడదు.

వెళ్లేటప్పుడు ఒక చిన్న సంచి వెంట ఉంచుకోండి. అందులో మూడు నాలుగు నెయిల్ కట్టర్లు, స్పిరిట్ సీసా, దూది, మొన మొద్దుగా ఉండే కత్తెర, సూదీ దారం, చెరగని నల్ల మార్కరు, అట్టముక్కతో కత్తిరించిన అంకెల అచ్చులు, ఒక సబ్బు, రెండు తువ్వాళ్లు, ఒక నోటు పుస్తకం ఉంటే చాలు. లోపం చూపించేవాడి చేతిలోనే దాన్ని సరిదిద్దే సాధనం కూడా ఉండాలి. ఊరికి దూరంగా ఉన్న హైస్కూలు మైదానంలో పిల్లవాణ్ణి "గోళ్లు తీయించుకుని రా" అని పంపితే వాడు ఎక్కడికి వెళ్తాడు?

గోళ్ల దగ్గర కాస్త ఎక్కువ సమయం పెట్టండి. ఈ నియమాల్లో నేను రవ్వంత కూడా సడలించనిది ఇదొక్కటే. ఒకసారి అండర్-14 బాలుర ఆటలో, రైడర్‌ను ఆపబోయిన పిల్లవాడి బొటనవేలి గోరు రైడర్ చెంప మీద గీరుకుపోయింది. ఆ గీత కంటి కింద బియ్యపుగింజంత దూరంలో ఆగింది. తర్వాత ఆ వేలు పట్టుకుని చూస్తే గోరు పొడవుగా కూడా లేదు. ఆ ఉదయమే కత్తిరించుకున్నాడు, కాని ఒక మూల ముల్లులా మిగిలిపోయింది. అందుకే చూపుతో సరిపెట్టకండి. పిల్లవాడి అరచేయి మీవైపు ఉండేలా చేతిని కంటి ఎత్తుకు లేపించండి. వేలి కొన దాటి గోరు కనిపించకూడదు. ఆ తర్వాత మీ వేలి మెత్తని భాగంతో ఒక్కొక్క గోరు అంచునూ తడిమి చూడండి. గరుకు తగిలితే నెయిల్ కట్టరుకు ఉండే ఆకురాయితో ఆ మూలను గుండ్రంగా రుద్దించండి. ఒకరు వాడిన కట్టరును స్పిరిట్‌తో తుడవకుండా మరొకరికి ఇవ్వకండి. కాలిగోళ్లు కూడా చూడాలి. మట్టి కోర్టులో పిల్లలు వట్టి కాళ్లతో ఆడతారు, కాలు చాచి టచ్ చేస్తారు. పోటీలు వరి ఉభాల (నాట్ల) రోజుల్లో పడితే, ముందు రోజు దాకా మడిలో దిగిన పిల్లల కాలిగోళ్లు నాని, చీలి ఉంటాయి. అలాంటి గోరును లోతుగా కత్తిరించబోయి గాయం చేయకండి. పైకి లేచిన ముక్క వరకు తీసి, వేలికి గుడ్డ ప్లాస్టర్ గట్టిగా చుట్టించి ఆడనివ్వండి.

ఆభరణాల విషయంలో లోహానికీ దారానికీ తేడా పాటించండి. చెవిదిద్దులు, ముక్కుపుడక, పట్టీలు, గాజులు, ఉంగరాలు, జబ్బకు కట్టిన తాయెత్తు, జుట్టులోని ఇనుప పిన్నులు, గట్టి క్లిప్పులు తీయవలసిందే. "ప్లాస్టర్ అంటించేశాం సార్" అని చాలామంది అంటారు. చెమట పట్టిన అయిదు నిమిషాలకే అది ఊడిపోతుంది. పైగా దిద్దు ఎక్కడుందో కనిపించకుండా పోతుంది. నేను ఒప్పుకోను. కొత్తగా ముక్కు కుట్టించుకున్న పిల్లకు పుడక తీస్తే రంధ్రం పూడిపోతుందన్న భయం ఉంటుంది, ఆ భయం నిజమైనదే. అది మ్యాచ్ ఉదయం తేలే విషయం కాదు కనుక, జట్టు పేర్లు నమోదు చేసే నాడే పాఠశాలలకు తెలియజేయాలి.

దారాల సంగతి సున్నితమైనది. దసరా తర్వాతి మంగళవారం విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం జరుగుతుంది. ఆ వారం అటు ఏ మైదానానికి వెళ్లినా పిల్లల మణికట్టు మీద కొత్త దారాలు కనిపిస్తాయి. దారం ఆభరణం కాదు కదా అని వాదించవచ్చు. కాని కబడ్డీలో తరచుగా పట్టు పట్టేది మణికట్టునీ మడమనీ. బిగుతుగా కట్టిన దారంలో అవతలివాడి వేలు ఇరుక్కుంటే ఆ వేలు మెలిపడుతుంది, లేదా దారం ఈ పిల్లవాడి చర్మాన్ని కోస్తుంది. కాబట్టి మణికట్టు మీదివీ మడమ మీదివీ తీయించండి. కత్తెరతో మీరు కోయకండి. పిల్ల తన చేతులతో విప్పుకోవాలి, లేదా వాళ్ల టీచరు విప్పాలి. "అమ్మవారి దారం తెంచారు" అన్న బాధ ఆ పిల్ల ఇంటికి మోసుకుపోకూడదు. అవసరమైతే అమ్మతో ఫోనులో మాట్లాడించండి. ఉదయం అరగంట ముందు తనిఖీ పెట్టుకుంటే ఇందుకు సమయం ఉంటుంది. మొలతాడు మాత్రం వదిలేయండి. వెండి బిళ్లలు, తాళంచెవులు వేలాడుతున్నాయేమో పిల్లవాణ్ణే అడిగి, ఉంటే తీసి రమ్మనండి. అంతకుమించి దుస్తులు ఎత్తి చూపించమనే అధికారం ఏ అంపైరుకూ లేదు.

తీసిన వస్తువులను ఎన్నడూ మీ జేబులో వేసుకోకండి. వాళ్ల టీచరు చేతికే ఇప్పించి, ఎవరి వస్తువు ఏమిటో పుస్తకంలో రాసి సంతకం తీసుకోండి. గ్రాము బంగారం అయినా ఒక కుటుంబానికి అది ఏడాది కష్టం.

నూనె సంగతి తేలిక. ముంజేయి మీద మీ అరచేయి ఆనించి లాగితే తెలిసిపోతుంది. తలకు పట్టించిన కొబ్బరినూనె చెమటతో మెడ మీదికి, భుజాల మీదికి కారుతుంది, నొప్పులకు రాసుకునే మందు కూడా జారుతుంది. సబ్బుతో కడిగించి, తువ్వాలుతో తుడిపించి పంపండి.

నంబర్ల విషయంలో చాలామంది కొత్త అంపైర్లు ఒక పొరపాటు చేస్తారు. నంబరును యూనిఫాం అందం కోసమని అనుకుని, లేనివాణ్ణి తిట్టడమో, పట్టించుకోకుండా వదిలేయడమో చేస్తారు. నంబరు అవసరం స్కోరరుది. కబడ్డీలో అవుటైన ఆటగాళ్లు ఏ వరుసలో బయటికి వెళ్లారో అదే వరుసలో తిరిగి లోపలికి రావాలి. ఆ వరుసను స్కోరరు రాసుకునేది నంబర్లతోనే. ఇద్దరికి ఒకే నంబరు ఉంటే, లేదా చెమటకు నంబరు చెరిగిపోతే, ఎవరు బతికి లోపలికి వచ్చారో ఎవరు బయట ఉన్నారో మూడో నిమిషానికే లెక్క తప్పుతుంది. అక్కడ మొదలైన తగాదా సాయంత్రం దాకా తెగదు. ఈ కారణం పిల్లలకు ఒక్కసారి చెప్పి చూడండి, తమ నంబరు సరిగా ఉందో లేదో వాళ్లే వచ్చి అడుగుతారు.

ప్రభుత్వ పాఠశాలల జట్లు చాలాసార్లు నంబరు లేని బనియన్లతోనే వస్తాయి. వాటిని వెనక్కి పంపడం నాకు అన్యాయంగా తోస్తుంది. చొక్కా లోపల ఒక అట్ట పెట్టి గుడ్డను బిగుతుగా పరచి, అంకె అచ్చును పైన ఆనించి మార్కరుతో నింపితే రెండు నిమిషాల పని. ముందు 4 అంగుళాలకు, వెనుక 6 అంగుళాలకు వేర్వేరు అచ్చులు ఉంచుకోండి. ముదురు రంగు చొక్కా అయితే తెల్లగుడ్డ మీద అంకె వేసి, నాలుగు అంచులా దారంతో కుట్టించండి. పిన్నీసు మాత్రం వాడనివ్వకండి. నంబరు నియమం నెరవేర్చడానికి పిల్లవాడి వీపు మీద సూది పెట్టినట్టవుతుంది. అన్నీ సరిచేశాక స్కోరరును పిలిచి, అతని జాబితాలోని పేర్లతో నంబర్లను గట్టిగా చదివించండి.

మండల పోటీల్లో మట్టి కోర్టే గనుక బూట్ల ప్రసక్తి రాదు. పై స్థాయిలో మ్యాట్ మీద ఆడవలసి వచ్చినప్పుడే చిక్కు. జీవితంలో మొదటిసారి బూటు తొడిగి అదే రోజు ఆడే పిల్లవాడు, వట్టి కాళ్లతో ఆడిన ఆటలో సగం కూడా ఆడలేడు. ఎంపికైన రోజే పాఠశాలకు ఈ కబురు చెప్పి, కనీసం రెండు వారాలు బూట్లతో సాధన చేయించమనాలి. వట్టి మేజోళ్లతో ఆడతామంటే అనుమతించకండి. మ్యాట్ మీద అవి జారతాయి.

కార్తీక మాసంలో పోటీలు పడితే అయ్యప్ప దీక్షలో ఉన్న విద్యార్థులు జట్టులో ఉండవచ్చు. దీక్ష తీసుకున్నవాడు మాల తీయడు, గోళ్లు తీయించుకోడు, చెప్పులు గాని బూట్లు గాని తొడగడు. అంటే మూడు నియమాలు ఒకేసారి అడ్డు వస్తాయి. ఇక్కడ నా అభిప్రాయం స్పష్టంగా చెబుతాను. భక్తి వాడిదే, కాని గోరు గీరుకునేది అవతలి పిల్లవాడి ముఖం మీద, మాలలో చేయి ఇరుక్కుంటే ఉరి పడేది వాడి మెడకే. కనుక మినహాయింపు ఇవ్వడానికి వీల్లేదు. అయితే మాల తీయమని అడగడానికీ వీల్లేదు. "స్వామీ" అని పిలిచి, పక్కకు తీసుకెళ్లి, కారణం వివరించి, ఈసారి జట్టుతో పాటు బయట ఉండి సాయం చేయమని కోరండి. నలుగురి ముందు వరుసలోంచి లాగవద్దు. ఈ మాట కూడా పేర్ల నమోదు నాటికే పాఠశాలలకు చేరితే, దీక్ష ఎప్పుడు తీసుకోవాలో పిల్లవాడూ ఇంటివాళ్లూ ముందే ఆలోచించుకుంటారు.

ఇంత చేసినా, ఆట చివరి నిమిషాల్లో ఓడుతున్న జట్టు మాస్టారు ఏదో ఒక లోపం ఎత్తి చూపుతారు. అది నిజమే కావచ్చు, ఎదుటివారి ఊపు ఆపడానికే కావచ్చు. ఉద్దేశం వెతకడం మన పని కాదు. జట్టు కెప్టెన్ ద్వారా చెప్పమనండి. రైడ్ జరుగుతుంటే పూర్తికానివ్వండి. గోరు, లోహం వంటి గాయం చేసే వస్తువైతే ఆ రైడ్ ముగియగానే ఆట ఆపి, గడియారం ఆపించి, అక్కడికక్కడే సంచి తెరిచి సరిచేయించండి. అదే ఆపులో ఫిర్యాదు చేసిన జట్టును కూడా మళ్లీ ఒకసారి చూడండి. నంబరు మసకబారడం వంటిదైతే స్కోరరుకు గుర్తు చెప్పి, విరామంలో దిద్దించండి. లోపం మన తనిఖీ దాటి వచ్చింది గనుక, దానికి పిల్లవాణ్ణి బయట కూర్చోబెట్టి జట్టును తక్కువ మందితో ఆడించకండి. చెప్పినా తీయనని మొండికేసినప్పుడు, లేదా తనిఖీ తర్వాత కావాలని తిరిగి తొడుక్కున్నప్పుడు మాత్రమే హెచ్చరికగా ఆకుపచ్చ కార్డు చూపాలి.

ఆట ముగిశాక తనిఖీ పుస్తకం తెరిచి, తీయించిన ప్రతి వస్తువూ పిల్లల చేతికి తిరిగి అందిందని ఇద్దరు టీచర్ల చేతా సంతకం చేయించి, కట్టర్లను మరోసారి స్పిరిట్‌తో తుడిచిన తర్వాతే తదుపరి జట్లను వరుసలోకి పిలవండి.