లోర్కా అధివాస్తవిక నాటకాన్ని రెండు భాషల ఒపెరాగా మలచడం ఎలా?

స్పానిష్ కవి, నాటకకర్త ఫెదెరికో గార్సియా లోర్కా 1931లో పూర్తిచేసిన ‘అసీ కే పాసెన్ సింకో అన్యోస్’ మూడంకాల నాటకం. పేరుకు అర్థం ‘ఐదేళ్లు గడిచాక’. పెళ్లికి ఐదేళ్లు ఆగిన యువకుడు, చనిపోయిన పిల్లాడితో మాట్లాడే చనిపోయిన పిల్లి, పెళ్లి గౌను తొడుక్కుని పాడే బొమ్మ ఇందులో పాత్రలు. మాటలు వచనంలో మొదలై ఉన్నట్టుండి పద్యంలోకి దూకుతాయి. దీన్ని స్పానిష్, ఇంగ్లీషు కలిపి గంటన్నర ఒపెరాగా చేయాలంటే పని ఈ వరుసలో సాగాలి.

1. హక్కులు చూసుకోండి

లోర్కాను 1936 ఆగస్టులో కాల్చి చంపారు. ఆ తరం రచయితలకు స్పెయిన్‌లో 80 ఏళ్ల రక్షణ ఉంది కాబట్టి, 2017 జనవరి 1 నుంచి ఆయన మూలాన్ని అక్కడ ఎవరైనా వాడుకోవచ్చు. అమెరికాలో లెక్క వేరు, అచ్చయిన సంవత్సరాన్ని బట్టి ఉంటుంది. అచ్చులో ఉన్న ఇంగ్లీషు అనువాదాలకు విడిగా హక్కులుంటాయి. అందుకే మూలం నుంచి మీరే అనువదించుకోవడం మేలు.

2. ఏ భాష ఎక్కడో ముందే తేల్చండి

మొత్తం పనిలో ముఖ్యమైనది ఇదే. ఒకే మాటను స్పానిష్‌లో పాడించి, వెంటనే ఇంగ్లీషులో మళ్లీ పాడిస్తే నిడివి రెట్టింపవుతుంది, వింతదనం చచ్చిపోతుంది. పాత్రకో భాష కేటాయించినా కుదరదు, ఎందుకంటే ఇక్కడి పాత్రల్లో చాలామంది ఆ యువకుడి మనసులోని ముక్కలే.

లోర్కా గీసిన గీతనే వాడుకోండి: వచనం ఇంగ్లీషు, పద్యం స్పానిష్. మొదటి అంకంలో గ్రంథాలయంలో ముసలాయనతో సంభాషణ ఇంగ్లీషులో నడుస్తుంది. పిల్లాడూ పిల్లీ రాగానే స్పానిష్ మొదలవుతుంది. రెండో అంకంలో బొమ్మతో యుగళగీతం దగ్గర మాత్రం నియమం తప్పాలి. బొమ్మ స్పానిష్‌లో పాడుతుంటే యువకుడు ఇంగ్లీషులో బదులిస్తూ, చివరికి తనూ స్పానిష్‌లోకి జారిపోవాలి. అతను కలలోకి వెళ్లిపోయాడని భాష రానివాళ్లకు కూడా చెవికే తెలుస్తుంది.

3. కోయండి, కానీ అతకొద్దు

పాడితే మాటకు దాదాపు మూడు రెట్లు సమయం పడుతుంది. గంటన్నరకు లిబ్రెటో (ఒపెరాలో పాడే మాటల ప్రతి) ఐదారు వేల పదాలు దాటకూడదు. వివరణలు తీసేయండి, మళ్లీ మళ్లీ వచ్చే వస్తువులూ శబ్దాలూ ఉంచండి. మొదటి అంకంలో ఎంత జరిగినా గడియారంలో ఆరే. ఆ గంట పోతే నాటకం పోయినట్టే. కోసిన చోట ‘ఎందుకంటే’ అంటూ కొత్త వాక్యం అతికించాలనే ఆశ పుడుతుంది, లొంగకండి.

రగ్బీ ఆటగాడు ఒక్క మాటా మాట్లాడడు. అతనికి పాట రాయకండి, ఆ ఊపిరిని బేస్ క్లారినెట్‌కు (మంద్రస్వరంలో పలికే ఊదే వాద్యం) ఇవ్వండి. చివర్లో పేకాటగాడు పిస్టల్ పేలుస్తాడు. రంగస్థల సూచన ప్రకారం దానికి చప్పుడుండదు, బాణం వెళుతుంది. చాలామంది సంగీతకర్తల చెయ్యి అక్కడ డప్పు మీదికే పోతుంది. ఆ క్షణంలో ఆర్కెస్ట్రా మొత్తం ఆగిపోతేనే దెబ్బ తగులుతుంది.

4. బాణీకి ముందు పద్యం కొలవండి

‘ఎల్ స్వేన్యో వా సోబ్రే ఎల్ తియెంపో’ (కల కాలం మీదుగా సాగుతుంది) అనే పాదాన్ని కాగితం మీద లెక్కపెడితే 9 అక్షరాలు. పలికితే 8, ఎందుకంటే ‘సోబ్రే ఎల్’ కలిసి ‘సోబ్రెల్’ అవుతుంది, మన అచ్చు సంధిలాగే. విడివిడిగా రెండు స్వరాలిస్తే పాదం కుంటుతుంది. ఊనిక ‘స్వే’, ‘తియెం’ మీద పడుతుంది, చివరి ‘పో’ తేలిక. ‘ద డ్రీమ్ గోస్ ఓవర్ టైమ్’ అనే ఇంగ్లీషు అనువాదం ఆరు అక్షరాలకే అయిపోయి, చివరిదాని మీద బరువు వేస్తుంది. ఒకే బాణీ రెంటికీ సరిపోదు కాబట్టి, ఇంగ్లీషు చరణాలకు లయ వేరుగా కట్టండి.

కథ తెలియాల్సిన మాటల్ని మధ్యస్థాయిలో ఉంచండి. సొప్రానో (అత్యంత హెచ్చుస్థాయి స్త్రీ గొంతు) తారస్థాయికి వెళ్లేకొద్దీ అచ్చులన్నీ ఒకేలా వినిపిస్తాయి, అక్కడ భాషేదైనా ఒకటే. ‘సింకో’ అనాలా, స్పెయిన్ పద్ధతిలో ‘థింకో’ అనాలా అన్నది మొదటి రిహార్సల్‌కు ముందే తేల్చి, అందరికీ ఒకటే ఉచ్చారణ నేర్పండి.

5. సర్‌టైటిల్స్

ఇవి పాడే మాటల అర్థాన్ని వేదిక పైన చూపే అక్షరాలు. తెర మీద ఒకసారికి రెండే పంక్తులు, పంక్తికి 35–40 అక్షరాల లోపు. స్పానిష్ పాడుతుంటే ఇంగ్లీషు, ఇంగ్లీషు పాడుతుంటే స్పానిష్ చూపండి. పిల్లాడి దృశ్యంలో ప్రతి పాదానికీ అర్థం చూపితే కళ్లు తెరకే అతుక్కుంటాయి. అక్కడ మూడింట ఒక వంతు చాలు.

6. పియానోతో పరీక్షించండి

ఆర్కెస్ట్రాకు రాయకముందే గాయకులతో, ఒక్క పియానోతో మొత్తం పాడించి వినండి. ఒక భాషే తెలిసినవాళ్లను కొందరినీ, రెండూ తెలిసినవాళ్లను కొందరినీ కూర్చోబెట్టండి. భాష మారిన ప్రతి చోటా ఏమనిపించిందో విడిగా రాయించుకోండి. ఒక భాషవాళ్లు మాత్రమే తప్పిపోయిన చోట సర్‌టైటిల్ దిద్దండి. ఇద్దరూ తప్పిపోతే లిబ్రెటో దిద్దాలి, సంగీతం కాదు.