గోడ మీద ధ్రువపు మంచు – మూడో పాఠం: రంగు, రంధ్రం, ప్రింటు

ఆర్కిటిక్ మంచు పటాలు మూడింటికి రంగులు వేసి, గోడకు తగిలించేలా ప్రింటు తీయించడం ఈ పాఠం పని. రెండో పాఠం పూర్తిచేసినవారి దగ్గర ఇప్పుడు ఎన్‌ఎస్‌ఐడీసీ (అమెరికాలోని మంచు సమాచార కేంద్రం) వారి సీ ఐస్ ఇండెక్స్ నుంచి దించుకున్న మూడు జియోటిఫ్ (ఏ గడి భూమి మీద ఎక్కడుందో కూడా తెలిపే బొమ్మ) ఫైళ్లు ఉండాలి. 1979, 1999, 2019 సెప్టెంబరు నెలల్లో ఆర్కిటిక్ సముద్రపు మంచు సగటు సాంద్రత, అంటే ఒక్కో చోట నీటిని ఎంత శాతం మంచు కప్పిందన్నది, వాటిలో ఉంటుంది. ఇప్పుడున్న ఉపగ్రహ మైక్రోవేవ్ రికార్డులో మొదటి సెప్టెంబరు 1979ది. అక్కడి నుంచి ఇరవయ్యేళ్లకొకటి తీసుకున్నాం. మంచు విస్తీర్ణం వరుసగా సుమారు 70 లక్షలు, 61 లక్షలు, 44 లక్షల చదరపు కిలోమీటర్లు. 2012 అయితే 36 లక్షలే, చూడగానే గుండె గుభేలుమంటుంది. అయినా అన్నిటికంటే తక్కువున్న ఏడాదిని ఏరి పెడితే ఇంటికొచ్చినవారు ముందు ఆ ఎంపికనే ప్రశ్నిస్తారు. సమాన దూరంలో ఉన్న మూడేళ్లను అలా ప్రశ్నించడం కష్టం.

పటాలు చేసే సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌లో కొత్త ప్రాజెక్టు మొదలుపెట్టి, ముందుగా ఈ మూడింటిలో ఒక ఫైలునే తెరవండి. అప్పుడు ప్రాజెక్టు ప్రొజెక్షన్ (గుండ్రటి భూమిని చదునుగా పరిచే పద్ధతి) దానంతటదే ఈపీఎస్‌జీ 3411, అంటే ఉత్తర ధ్రువం నడుమ ఉండేది, అవుతుంది. మామూలు వెబ్ బేస్‌మ్యాప్ ముందు తెరిస్తే అది మెర్కేటర్‌లో ఉంటుంది. అందులో ధ్రువం చూపడానికే వీలుండదు, మంచు అంతా పైకి సాగిపోతుంది.

తెరవగానే బొమ్మ మసకగా కనిపిస్తే ఫైలు పాడైందనుకోకండి. ఇందులో మంచు విలువలు 1000 దాకానే, అంటే శాతాన్ని పదితో గుణించిన అంకెలు. ఆ పైవి గుర్తులు: 2510 ధ్రువ రంధ్రం (ధ్రువం చుట్టూ ఉపగ్రహానికి అందని భాగం), 2530 తీరరేఖ, 2540 నేల, 2550 సమాచారం లేని చోటు. సాఫ్ట్‌వేర్ ఈ గుర్తులను కూడా కొలతలే అనుకుని నలుపు నుంచి తెలుపు దాకా రంగును సాగదీస్తుంది. దాంతో నూటికి నూరు శాతం మంచు కూడా ఆ సాగదీతలో నలభై శాతం దగ్గరే ఆగి బూడిదరంగులో పడుతుంది.

రంగులు కుదిర్చే చోటైన సింబాలజీలో సింగిల్‌బ్యాండ్ సూడోకలర్ ఎంచుకుని, కనిష్ఠం 0, గరిష్ఠం 2550 అని ముందే టైపు చేయండి. తర్వాత మార్చితే మీరిచ్చిన మెట్లన్నీ జరిగిపోతాయి. ఇంటర్‌పొలేషన్ లీనియర్. 0కీ 149కీ ఒకే సముద్రపు నీలం: ఎరుపు 24, ఆకుపచ్చ 52, నీలం 80. 150కి లేత నీలి బూడిద: 130, 160, 180. 1000కి పూర్తి తెలుపు: 255, 255, 255. నేలకు, తీరానికి 150, 143, 132. 150 దగ్గర రంగు ఒక్కసారిగా మారడం కావాలనే పెట్టాం: పదిహేను శాతం సాంద్రతనే మంచు అంచుగా లెక్కిస్తారు. ఇంద్రధనుస్సు రంగుల జోలికి పోవద్దు; పసుపు, ఎరుపు పట్టీలు ప్రకృతిలో లేని అంచులను పుట్టిస్తాయి. కింద చెప్పే రంధ్రం రంగు కూడా పెట్టాక ఈ స్టైలును ఫైలుగా సేవ్ చేసి మిగతా రెండింటికీ అదే లోడ్ చేయండి. చేత్తో మళ్లీ టైపు చేయడం వద్దే వద్దు.

ఇక రంధ్రం. ఈ పాఠంలో ఎక్కువ జాగ్రత్త పడాల్సింది ఇక్కడే. ఈ ఉపగ్రహాలు సరిగ్గా ధ్రువం మీదుగా వెళ్లవు, కాబట్టి నడిమధ్యన ఒక గుండ్రటి భాగం వాటికి అందదు. 1979లో నింబస్-7 మీదున్న ఎస్‌ఎంఎంఆర్ పరికరానికి ఆ రంధ్రం వ్యాసార్ధం 611 కి.మీ.; 1999 నాటి ఎస్‌ఎస్‌ఎం/ఐకి 311; 2019 నాటి ఎస్‌ఎస్‌ఎంఐఎస్‌కి 94. పరికరం చూపు వెడల్పు పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదైంది. మన ప్రింటులో దాని వ్యాసం 33 మి.మీ., 17 మి.మీ., 5 మి.మీ. వస్తుంది. దీనికి సముద్రపు నీలం వేస్తే 1979లో ధ్రువం కరిగిపోయి ఇప్పుడు గడ్డకట్టిందన్నట్టు బొమ్మ పూర్తిగా తిరగబడుతుంది. తెల్లగా పూడ్చితే కొలవనిదాన్ని కొలిచినట్టు చూపించినవాళ్లమవుతాం. విస్తీర్ణం లెక్కలో దాన్ని మంచుగానే కలుపుతారన్నది వాస్తవమే, కానీ బొమ్మ సంగతి వేరు. మేం వాడేది 222, 222, 218: మంచుకు దగ్గరగా, తేడా తెలిసేలా. కింద శీర్షికలో ‘మధ్య వలయం: ఉపగ్రహానికి అందని భాగం’ అని తప్పకుండా రాయండి.

ఎక్స్‌పోర్ట్‌లో ‘రెండర్డ్ ఇమేజ్’ ఎంచుకుని అసలు కొలతలోనే, 304 × 448 పిక్సెళ్లుగా, బయటికి తీయండి. ఒక్కో గడి 25 కి.మీ. బొమ్మలు సవరించే సాఫ్ట్‌వేర్ జింప్‌లో ఎనిమిది రెట్లు పెంచితే 2432 × 3584. ఇంటర్‌పొలేషన్ ‘నన్’ అని ఉండాలి. మరొకటి ఎంచుకుంటే గడుల అంచులు అలుక్కుపోయి, లేని వివరం ఉన్నట్టు భ్రమ కలుగుతుంది. గడులు కనబడటమే అందం, అది కొలత అని తెలుస్తుంది. 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) దగ్గర బొమ్మ 206 × 303 మి.మీ. వస్తుంది, ఏ3 కాగితం మీద చుట్టూ ఖాళీ మిగులుతుంది.

మూడు ఏ3లనూ పక్కపక్కన చేర్చి 10524 × 4961 పిక్సెళ్ల ఒకే ఫైలుగా ల్యాబుకు ఇవ్వండి. 24 అంగుళాల రోల్ మీద సరిపోతుంది. విడివిడిగా ఇస్తే ల్యాబు మెషీను ఆటో కరెక్షన్ ఒక్కోదాన్ని ఒక్కో తీరుగా సవరిస్తుంది. తెలుపు తక్కువున్న 2019ని వెలిగించి, మంచు పెరిగినట్టు చేస్తుంది. ఆటో కరెక్షన్ ఆపమని నోటితో చెప్పి, ఆర్డరు మీద కూడా రాయించండి. కాగితం మ్యాట్ కాటన్ రాగ్, 300 జీఎస్ఎం, పిగ్మెంట్ ఇంకు. పూర్తి తెలుపున్న చోట ఇంకు పడదు, కాగితమే మంచవుతుంది. ముందు 100 మి.మీ. ముక్క ఒకటి తీయించి పగటి వెలుతురులో చూడండి. నీలం ఊదాకు తిరిగితే నీలం అంకెను 80 నుంచి 72కి తగ్గించండి. నల్లబడితే ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ పదేసి పెంచండి.

మ్యాట్ మీద ముదురు ఇంకు వేలి గీతకే తెల్లబారుతుంది, అంచులు పట్టుకునే తీయండి. 24 గంటలు ఆరకముందు అద్దం వేస్తే లోపల పొగమంచులా ఆవిరి పడుతుంది; విశాఖ, కాకినాడ వంటి తేమ ఊళ్లలో రెండు రోజులు ఆగండి.

వచ్చే పాఠానికి 350 × 470 మి.మీ. యాసిడ్-ఫ్రీ మౌంట్ బోర్డు ముక్కలు ఆరు సిద్ధం చేసుకోండి, మూడు ముందుకు, మూడు వెనక్కి. ముందు బోర్డులో బొమ్మ కనిపించే కిటికీని 216 × 325 మి.మీ. కోస్తాం: బొమ్మకు పైనా పక్కలా 5 మి.మీ., కింద శీర్షిక కోసం 17. ఫ్రేము గాడి లోపలి కొలత 352 × 472 అని షాపులో చెప్పండి. వానాకాలంలో బోర్డు ఉబ్బుతుంది, ఆ 2 మి.మీ. లేకపోతే మధ్యలో పొంగుతుంది.