వీకెండ్‌కి ప్రాగ్ బయల్దేరే ముందు

నెల్లూరు, కావలి, ఒంగోలు నుంచి జర్మనీకి చదువుకోడానికి వచ్చి, ఫ్రెండ్స్‌తో రెండు రోజులు చెక్ రాజధాని ప్రాగ్ చూసొద్దామనుకునే వాళ్ళకి ఈ జాగ్రత్తలు.

– పాస్‌పోర్టు, రెసిడెన్స్ పర్మిట్ కార్డు రెండూ ఒరిజినల్స్ జేబులో ఉండాలి. షెంగెన్ (మామూలుగా సరిహద్దు తనిఖీలు లేని యూరప్ దేశాల ప్రాంతం) లోపలే కదా అనుకోవద్దు, రైల్లో పోలీసులు ఎక్కి అడగొచ్చు. ఫోన్లో ఫోటో పనికిరాదు. కార్డు గడువు అయిపోవస్తుంటే ముందు ఆ సంగతి తేల్చుకుని, తర్వాతే టికెట్ కొనండి.

– అక్కడ నడిచేది యూరో కాదు, కొరునా. రోడ్డు మీద మారుస్తానని వచ్చేవాడితో మాటే పెట్టుకోవద్దు. కౌంటర్లో కూడా చేతికి ఎంతొస్తుందో ముందే అడగండి. రసీదు పారేయకండి: 1,000 యూరోల లోపు మార్పిడిని 3 గంటల్లోపు రద్దు చేసుకునే హక్కు అక్కడి చట్టంలో ఉంది. చాలామందికి ఈ సంగతే తెలీదు.

– ట్రామ్‌కి కాగితం టికెట్ కొంటే సరిపోదు, ఎక్కగానే పసుపు మిషన్లో స్టాంపు వేయాలి. లేదంటే ఫైనే.

– అమ్మ పంపిన ఆవకాయ రైల్లో అయితే సరే. విమానంలో చేతిసంచిలో వద్దు, పచ్చడి కూడా ద్రవం కిందే లెక్క. కారప్పొడి మేలు.

– ఖర్చులు ఒక్కరే రాయండి, ఏ రాత్రికారాత్రి తేల్చుకోండి.

– హాస్టల్ అడ్రస్, ఒక ఫ్రెండ్ నంబరు ఇంట్లో ఇవ్వండి. చలికాలంలో అక్కడ రాత్రి 9 అంటే నెల్లూరులో ఒంటిగంటన్నర. ఆ వేళ ఫోన్ మోగితే నాన్నకి టెన్షనే, సాయంత్రమే చేసెయ్యండి.

– ఎమర్జెన్సీ నంబరు 112.