కథలో దృష్టికోణం జారుతోందా? చుట్టరికాలు చూడండి

దృష్టికోణం అంటే కథను ఎవరి కళ్లతో, ఎవరి మనసుతో చూపిస్తున్నామో అది. అది జారిందనడానికి లక్షణం ఎప్పుడూ ఒకటే. చదివినవాళ్లు "భాష బాగుంది గానీ, కథ ఎవరిదో పట్టుబడలేదు" అంటారు. వెంటనే కథంతా ‘నేను’లోకి మార్చేస్తారు. దాంతో జబ్బు పోదు. ‘నేను’ పక్కవాడి మనసులోకి దూరితే అదే తప్పు.

ముందు పేర్ల గోల ఒకటి తేల్చుకోవాలి. ఇంగ్లిష్ వాళ్ల ఫస్ట్ పర్సన్ (‘నేను’) మనకు ఉత్తమ పురుష. మన ప్రథమ పురుష (‘అతను’, ‘ఆమె’) వాళ్లకు థర్డ్ పర్సన్. "ప్రథమ పురుషలో రాశా" అంటూ ‘నేను’ కథ చేతికిచ్చేవాళ్లు ఇంకా ఉన్నారు.

ఇక అందరూ ఎగ్గొట్టే పరీక్ష. ఒక సన్నివేశంలో అనిపించింది, గుర్తొచ్చింది, భయమేసింది, ధైర్యం చాలలేదు లాంటి మాటలన్నిటి కింద గీత గీయండి. అవి ఎవరికి కలిగాయో, ఆ ‘కు’, ‘కి’ ఎవరివో, ఆ పేర్లు పక్కన రాయండి. రెండు పేర్లు తేలితే జారింది అక్కడే. రెండో మనిషి లోపలి మాట కొట్టేసి బయటికి కనిపించేది పెట్టండి: "రమేశ్‌కు సిగ్గేసింది" తీసేసి "రమేశ్ తల దించుకున్నాడు". పది నిమిషాల పని. సర్వసాక్షి కథనం, అంటే అందరి మనసుల్లోకీ వెళ్లే కథనం, కావాలనే ఎంచుకుంటే ఈ లెక్క వేరు. కానీ అది మొదటి పేరాలోనే తెలియాలి, మూడో పేజీలో కాదు.

ఈ పరీక్ష నెగ్గిన కథ కూడా తేలిపోతోందంటే దొంగ చుట్టరికంలో, అంటే అమ్మ, బావ లాంటి వరస పిలుపుల్లో ఉన్నాడు. ఇది చూడండి (ఎనుమాముల వరంగల్‌లోని మిర్చి మార్కెట్, జెండా పాట అంటే అక్కడి వేలం):

"సారక్క ఎనుమాముల యార్డులో మిర్చి బస్తాల పక్కన కూర్చుంది. జెండా పాట అయిపోయింది. కొడుకు రమేశ్ కాంటా దగ్గరికి వచ్చాడు. తమ సరుకుకు ఎంత రాశారో అడగడానికి అవ్వకు ధైర్యం చాలలేదు."

గీత గీస్తే ఒక్క సారక్కే తేలుతుంది. అయినా కథ ఆమె దగ్గర లేదు. సారక్క తనను తాను ‘అవ్వ’ అనుకోదు, ఆ పిలుపు రమేశ్‌ది. ఆ ఒక్క మాటతో చదివేవాడు కొడుకు పక్కకు చేరాడు. (వరంగల్ దాటితే ‘అవ్వ’ను అమ్మమ్మ అనుకునేవాళ్లూ ఉంటారు, అది ఇంకో తంటా.) ‘వచ్చాడు’ కూడా అంతే. ఆమె బస్తాల దగ్గరుంటే కొడుకు కాంటా దగ్గరికి ‘పోయాడు’ అవుతుంది. ‘వచ్చాడు’ అన్నామంటే మనం ముందే కాంటా దగ్గర నిలబడ్డట్టు.

సవరణ: "రమేశ్ కాంటా దగ్గరికి పోయాడు. తిరిగొచ్చాక, ఎంత రాశారో అడగడానికి ఆమెకు ధైర్యం చాలలేదు."

అందుకే కథనంలోని అమ్మ, బాపు, చిన్నమ్మ, బావ అన్నీ వెతికి, ఆ వరస ఎవరిదని అడగండి. కథ నడిపే మనిషిది కాకపోతే పేరో, ‘ఆమె’, ‘అతను’ అనో పెట్టండి. మర్యాద కూడా ఇలాగే పట్టిస్తుంది. సారక్కకు ఖరీదుదారు ‘ఆయన’ అయితే చివరిదాకా ‘ఆయనే’. ధర కోసేసిన వాక్యంలో ‘వాడు’ అయితే అది తప్పు కాదు, కథే అక్కడుంది. కారణం లేకుండా మారితేనే తప్పు.

‘తన’ ఒక వాక్యంలో రెండుసార్లు, ఇద్దరికి వాడకండి. ఒకచోట పేరు రాయండి, తీరిపోతుంది.

యాస సంగతి: మాటల్లో ‘వచ్చిండు’, కథనంలో ‘వచ్చాడు’ ఉంటే ఇబ్బందేమీ లేదు. కథనమే ఒక పేరాలో ‘వచ్చిండు’, ఇంకో పేరాలో ‘వచ్చాడు’ అయితే మొదటిది సారక్క గొంతు, రెండోది బయటివాడి గొంతు అనిపిస్తుంది. ఏదో ఒకటి ఎంచుకుని మొత్తం దిద్దండి.

మధ్యమ పురుషలో, అంటే ‘నువ్వు’ అంటూ నడిపే కథల్లో వచ్చే చిక్కులు అరుదు. అబద్ధాలు చెప్పే కథకుడి గొడవ ఇంకా అరుదు. పైవన్నీ సరిచేశాక మిగిలితే అప్పుడు చూడొచ్చు.