నిర్మాణ వివాదాల న్యాయవాది కావాలంటే ఎం.బుక్ (పని కొలతల పుస్తకం) దగ్గర మొదలుపెట్టండి

నెల్లూరులోనో ఒంగోలులోనో సన్నదు తీసుకుని సివిల్ దావాలతో ప్రాక్టీసు మొదలుపెట్టిన జూనియర్లలో చాలామంది, నిర్మాణ ఒప్పందాల ఆర్బిట్రేషన్ (కోర్టు బయట ఆర్బిట్రేటరు అనే మధ్యవర్తి ఇచ్చే తీర్పు) అనగానే అది హైదరాబాదు, ఢిల్లీ ఫర్ముల సొత్తని ముందే చేతులెత్తేస్తారు. విచారణ అక్కడ జరిగితే జరగవచ్చు. వివాదానికి బీజం పడేది మాత్రం రేవు రోడ్డు మీద, కాలువ గట్టు మీద, నడికుడి–శ్రీకాళహస్తి లాంటి రైలు మార్గం కట్ట వెంబడి. దాన్ని గెలిపించే కాగితాలు సైటు ఆఫీసు ఇనుప బీరువాలో ఉంటాయి, ఆ బీరువాకు మీరు గంట ప్రయాణం దూరంలో ఉన్నారు. జిల్లా న్యాయవాదికి ఈ రంగంలో ఉన్న పెట్టుబడి అదే.

మొదటి కేసు కోసం పెద్ద కాంట్రాక్టరు తలుపు తట్టనక్కరలేదు. జాతీయ రహదారుల చట్టం, 1956లోని 3జి(5) సెక్షను కింద, భూసేకరణ పరిహారం చాలదనుకున్న రైతు ఆర్బిట్రేటరును ఆశ్రయించవచ్చు. ఆ ఆర్బిట్రేటరును కేంద్ర ప్రభుత్వం నియమిస్తుంది, ఆచరణలో తరచుగా జిల్లా కలెక్టరే ఆ స్థానంలో ఉంటారు. చుట్టుపక్కల రిజిస్టరైన క్రయ దస్తావేజులు, అడంగలు, చెట్లు, బోరుబావుల విలువ లెక్కలు సమర్పించి వాదించడం ఆర్బిట్రేషన్‌లో మీ తొలి పాఠం అవుతుంది. రహదారుల భూసేకరణకూ సొలేషియం (నిర్బంధంగా భూమి తీసుకున్నందుకు ఇచ్చే అదనపు పరిహారం), వడ్డీ చెల్లించాలని 2019లో తర్సేమ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన తీర్పును మొదటి పేజీ నుంచి చివరిదాకా చదవండి.

ఊరి పెద్దమనుషుల తీర్పుకూ ఆర్బిట్రేషన్‌కూ తేడా ఏమిటని కక్షిదారులు తప్పక అడుగుతారు. పెద్దమనుషులు ఇద్దరికీ సర్దిచెప్పి చెరిసగం చేయవచ్చు. 1996 నాటి ఆర్బిట్రేషన్ చట్టం 28వ సెక్షను ప్రకారం, ఇరుపక్షాలూ స్పష్టంగా అధికారమిస్తే తప్ప ఆర్బిట్రేటరు అలా చేయడానికి వీల్లేదు. ఒప్పందంలోని షరతులను లెక్కలోకి తీసుకునే తీర్పు చెప్పాలి. అందువల్ల ఒప్పందం చదవడమే మీ అసలు పని.

చదివేటప్పుడు ముందుగా ఆర్బిట్రేషన్ షరతు ఉందో లేదో చూడండి. ఇది వినడానికి చిన్న మాటలా ఉన్నా, 50,000 రూపాయలు దాటిన దావాలను సివిల్ కోర్టుకే వదిలేసిన ప్రభుత్వ అగ్రిమెంట్లు మన రాష్ట్రంలో ఎన్నో ఉన్నాయి. రాష్ట్ర ప్రభుత్వ పనుల ఒప్పందాలకు వర్తించే స్టాండర్డ్ స్పెసిఫికేషన్లలోని 59వ నిబంధన, అంటే జాప్యానికి పరిహారం అడగరాదనేది, 73వ నిబంధన, అంటే వివాదాల పరిష్కారానికి సంబంధించినది, ఈ రెండూ మీకు కంఠతా రావాలి. కేంద్ర ఆర్థిక శాఖ 2024 జూన్ 3న ఇచ్చిన మార్గదర్శకాలు కూడా కేంద్ర ప్రభుత్వ కొనుగోలు ఒప్పందాల్లో ఆర్బిట్రేషన్‌ను మామూలుగా 10 కోట్ల లోపు వివాదాలకే పరిమితం చేయమంటున్నాయి. కాబట్టి కోర్టు దావా, మీడియేషన్ (ఇరుపక్షాలనూ రాజీకి తెచ్చే ప్రక్రియ) రెండూ చేతనవ్వాలి. ఆర్బిట్రేషన్ ఒక్కటే నమ్ముకోవడం ఇప్పుడు తెలివైన పని కాదు.

ఇక కాగితాల సంగతి. ఎం.బుక్, నేల ఎత్తుపల్లాలు రాసే లెవెల్ బుక్, సైట్ ఆర్డర్ బుక్, అడ్డంకుల రిజిస్టరు, పని నడుస్తుండగా పెట్టే ప్రతి రన్నింగ్ బిల్లు నకలు మీరు స్వయంగా చూడాలి, కాంట్రాక్టరు గుమాస్తా నోటిమాట మీద ఆధారపడకూడదు. తవ్వకంలో తగిలింది మామూలు రాయా, గట్టి రాయా, పేలుళ్లు అవసరమయ్యాయా అన్న వర్గీకరణ మీదే లక్షలు చేతులు మారతాయి. ప్రకాశం పడమటి మండలాల్లాంటి రాతి నేలలో ఆ రాయి తీసేసిన తరువాత మిగిలే సాక్ష్యం ఆనాటి లెవెళ్లు, ఫొటోలు, ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) సంతకం మాత్రమే. వానల లెక్క కూడా స్థానికుడికే తెలుస్తుంది. నెల్లూరులో పనులు ఆపేది జూన్ వానలు కావు, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే ఈశాన్య రుతుపవన వర్షాలు. నైరుతిని లెక్కలో పెట్టుకుని వేసిన పనుల షెడ్యూలు మన జిల్లాకు పొసగదని మీరు చూపించగలగాలి. 2021 నవంబరు పెన్నా వరదలో పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు దెబ్బతిన్నాయి. అటువంటి సందర్భంలో ‘దైవఘటన’ అని వాదిస్తే సరిపోదు. ఒప్పందంలో చెప్పిన గడువులోగా నోటీసు ఇచ్చారా, వర్షపాతం లెక్కలు, సోమశిల నుంచి వదిలిన నీటి వివరాలు జతపరిచారా అని ట్రిబ్యునల్ అడుగుతుంది.

నా తొలి రోజుల్లో వచ్చిన ఒక సబ్ కాంట్రాక్టరు, ఫైనల్ బిల్లు రావాలంటే ఇక ఏ క్లెయిమూ లేదని రాసివ్వమన్నారని సంతకం చేసి, ఏడాది తరువాత నా దగ్గరికి వచ్చాడు. ఆ సంతకం ఒత్తిడి మీద పెట్టిందని నిరూపించడానికి మా దగ్గర ఒక్క ఉత్తరం కూడా లేకపోయింది. అదే రోజు నిరసన తెలుపుతూ నాలుగు వాక్యాల రిజిస్టర్డ్ ఉత్తరం పంపి ఉంటే కథ వేరుగా ఉండేది. గడువు పొడిగింపులోనూ అదే జాగ్రత్త కావాలి. స్థలం అప్పగించడంలో శాఖ ఆలస్యం చేసినా, పొడిగించిన గడువుకు ఒప్పుకునే సమయంలోనే నష్టపరిహారం అడుగుతానని నోటీసు ఇవ్వకపోతే, కాంట్రాక్టు చట్టం 55వ సెక్షను తరువాత అడ్డుపడుతుంది.

అందుకే ఈ వృత్తిలో నిలకడైన ఆదాయం ఉత్తరాల నుంచి రావాలి, విచారణల నుంచి కాదు అని నా అభిప్రాయం. పని నడుస్తుండగానే ఇద్దరు ముగ్గురు మధ్యతరగతి కాంట్రాక్టర్లకు నెలవారీ ఫీజు మీద ఉత్తరాలు, నోటీసులు తయారుచేసే ఏర్పాటు చేసుకోండి. వివాదం ముదిరినప్పుడు ఫైలు ఎలాగూ మీ దగ్గరే ఉంటుంది. లెక్కల కోసం రిటైరైన ఈఈ (ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు) ఒకరితో స్నేహం చేయండి. ఓవర్‌హెడ్ (ఆఫీసు, నిర్వహణ ఖర్చుల) నష్టాన్ని హడ్సన్ సూత్రంతో ఎలా గణిస్తారో, మూడు పనుల్లో ఏది ఆలస్యమైతే మొత్తం ప్రాజెక్టు ఆలస్యమవుతుందో ఆయన మీకు బార్ చార్టు మీద చూపిస్తారు.

గడువులు మాత్రం మీవే, వాటిని ఇంకొకరికి అప్పగించవద్దు. హక్కు ఉత్పన్నమైన 3 సంవత్సరాల లోపు, ఆర్బిట్రేషన్ కోరుతూ ఆ చట్టం 21వ సెక్షను కింద ఇచ్చే నోటీసు ఎదుటి పక్షానికి చేరాలి, మధ్యలో ఉత్తరాలు నడిచాయని ఆ కాలం పెరగదు. వాద ప్రతివాదాల దాఖలు ముగిసిన 12 నెలల్లో అవార్డు, అంటే ఆర్బిట్రేటరు తీర్పు, రావాలి, ఇరుపక్షాలూ ఒప్పుకుంటే మరో 6 నెలలు. అవార్డు రద్దు కోరుతూ కోర్టుకు వెళ్లడానికి 3 నెలలు, తగిన కారణం చూపితే ఇంకో 30 రోజులు, ఆపై ఒక్కరోజు ఆలస్యాన్ని కూడా కోర్టు మన్నించజాలదు. శాఖ తన ఎస్ఈనే (సూపరింటెండింగ్ ఇంజనీరునే) ఆర్బిట్రేటరుగా పెడితే ఆ చట్టం 12(5) సెక్షను కింద వెంటనే లిఖితపూర్వకంగా అభ్యంతరం చెప్పండి. ఈ ఉత్తరాలన్నీ పోస్టాఫీసు రసీదులతో సహా తేదీల వరుసలో ఒకే ఫైలులో కుట్టి పెట్టుకోండి.