కాలికి దెబ్బ తగిలిన పిల్లలతో విమాన ప్రయాణం: ముందే చూసుకోవాల్సినవి

టికెట్ కొనేముందు డాక్టర్‌ను అడగండి. ప్రయాణం చేయొచ్చని ఆయన రాసిచ్చిన కాగితం చేతి సంచిలోనే ఉండాలి.

కట్టు సంగతి ముఖ్యం. కొత్తగా వేసిన పిండికట్టు లోపల కాలు వాస్తుంది, ఎత్తులో ఆ వాపు ఇంకా పెరగొచ్చు. అందుకే కట్టు వేసి 48 గంటలు కాకపోతే చాలా విమాన సంస్థలు దాన్ని నిలువుగా చీల్చి ఉండాలంటాయి. కట్టు బదులు గాలి నింపే బూటు తొడిగి ఉంటే, పైకి వెళ్లాక అందులో గాలి వ్యాకోచించి కాలిని నొక్కుతుంది. కొంచెం గాలి తీసేయాలి.

వీల్‌చెయిర్ కావాలని కనీసం 48 గంటల ముందే చెప్పండి. టీనేజ్ పిల్లలు అందులో కూర్చోవడానికి సిగ్గుపడతారు, నొప్పి కూడా దాచేస్తారు. విమానాశ్రయంలో బతిమాలడం కన్నా ఇంట్లోనే మాట్లాడుకోవడం మంచిది.

అత్యవసర ద్వారం దగ్గరి సీటు ఇవ్వరు. దెబ్బ తగిలిన కాలు నడవావైపు ఉంటే ట్రాలీ తగులుతుంది, సీటు చూసి తీసుకోండి.

నొప్పి మాత్రలు చేతికి అందేలా పెట్టుకోండి. కాలి ఎముకలో లోహపు రాడ్ వేసి ఉంటే భద్రతా తనిఖీలో ముందే చెప్పండి.

విమానంలో నీళ్లు తాగించండి, కాలివేళ్లు కదిలించమనండి. రక్తం గడ్డకట్టే ముప్పు ఎంతో డాక్టర్‌నే అడగాలి. వేళ్లు నీలంగా మారినా, తిమ్మిరెక్కినా, ఆయాసం వచ్చినా వెంటనే సిబ్బందిని పిలవండి. దిగాక కొన్ని వారాలపాటు పిక్కలో వాపు, నొప్పి గమనిస్తూ ఉండండి.