అమ్మానాన్నల వృత్తిని బట్టి సామాజిక-ఆర్థిక వర్గం ఎలా తేల్చాలి: సర్వే చేసేవారికి

మన జనగణన ఎవరి పని వారినే అడుగుతుంది, వాళ్ల అమ్మానాన్నలు ఏం చేసేవారో అడగదు. ఒకే ఇంట్లో ఉన్న తండ్రీకొడుకుల వృత్తులు జతచేసి తరాల మార్పు లెక్కగడదామంటే వేరు కాపురం పెట్టినవాళ్లు, వలస పోయినవాళ్లు అందులో దొరకరు. పెళ్లై అత్తారింటికి వెళ్లిన కూతుళ్లయితే దాదాపు అంతా జారిపోతారు. కాబట్టి ఆ ప్రశ్న మీ సర్వేలోనే పెట్టుకోవాలి.

"మీ నాన్న ఏం చేస్తారు?" అని అడగొద్దు. ఒకరి తండ్రి ఉద్యోగంలో ఉంటాడు, ఇంకొకరి తండ్రి రిటైరై ఉంటాడు, పోల్చడానికి వీలుండదు. "మీకు 14 ఏళ్లప్పుడు ఇల్లు ఎవరి సంపాదన మీద ఎక్కువగా నడిచేది? వాళ్లు ఏం పని చేసేవారు?" అని అడగండి. బ్రిటన్‌లో కూడా ఇదే వయసు వాడతారు. తండ్రి అప్పటికే లేకపోతే ఇల్లు నడిపినవారి పని రాసుకోవచ్చు.

అసలు తంటా జవాబుతోనే. "వ్యవసాయం" అంటే ఏమీ తెలియదు. భూమి ఎవరిది, కూలీలను పెట్టుకునేవారా, తామే కూలికి పోయేవారా, ఏడాదిలో ఎక్కువ రోజులు ఏ పని, ఇవన్నీ అడిగి తీరాలి. అంతర్జాతీయ వృత్తుల పట్టిక ఐఎస్‌సీఓ-08లో ప్రతి పనికీ నాలుగంకెల కోడ్ ఉంటుంది: పంట పండించే రైతు 6111, పొలం కూలీ 9211. కౌలు రైతుకూ పదెకరాల ఆసామికీ అదే 6111 పడుతుంది. అందుకే ఎకరాలు, కౌలా సొంతమా అన్నవి వేరే గడుల్లో ఉండాలి. మగ్గం పనీ అంతే: పోచంపల్లి చేనేత 7318, సిరిసిల్ల మరమగ్గం 8152. "ప్రభుత్వ ఉద్యోగం" అన్నప్పుడు హోదా అడగకపోతే అటెండర్, తహసీల్దార్ ఒకే గాటన పడతారు.

కులం పేరే వృత్తిగా చెబితే ఆ మాటను కోడ్ చేయకండి. పద్మశాలి అన్నంత మాత్రాన మగ్గం నేసినట్టు కాదు. నిజంగా చేసిన పని అడగండి.

తల్లి గడిలో "గృహిణి" అని గబుక్కున రాసేయడం చాలా చోట్ల జరిగే తప్పు. నిజామాబాద్, జగిత్యాల వైపు ఇంట్లో కూర్చునే బీడీలు చుట్టిన తల్లుల పని (7516) ఇలాగే మాయమవుతుంది. "ఇంట్లో ఉండి డబ్బొచ్చే పని ఏదైనా చేసేవారా?" అని విడిగా అడగాలి.

కోడ్ ఒక్కటీ వర్గాన్ని చెప్పదు. సొంత కారు నడిపే డ్రైవర్‌కూ జీతం డ్రైవర్‌కూ 8322 ఒకటే. కూలీలను పెట్టుకున్న యజమానా, ఒంటరిగా సొంత పనా, జీతమా, ఇంటివారి పనిలో సాయమా అన్నది తెలిస్తేనే ఈజీపీ (వృత్తిని, యజమానా జీతగాడా అన్నదాన్ని కలిపి వర్గం తేల్చే పద్ధతి) వంటి వర్గీకరణలోకి మార్చగలం.

పొలం కూలీలను మాత్రం మిగతా కూలీలతో కలిపేయకండి. ఇంగ్లండ్, వేల్స్‌లలో 1911 నాటి శిశుమరణాలను తండ్రి వృత్తిని బట్టి లెక్కించారు. వెయ్యి జననాలకు పై వర్గంలో సుమారు 76 మంది, నైపుణ్యం లేని కార్మికుల్లో 152 మంది చనిపోయారు. వ్యవసాయ కూలీల్లో అది 97 మాత్రమే. కలిపేసి ఉంటే ఆ తేడా కనిపించేదే కాదు.

ఫీల్డ్‌లో కోడ్ వేయించకండి, చెప్పిన మాట చెప్పినట్టు రాయించండి. తర్వాత ఇద్దరు విడివిడిగా కోడ్ చేయాలి, తేడా వచ్చినవి మూడో మనిషి చూడాలి. వివరం చాలకపోతే నాలుగు అంకెలూ ఊహించి వేయకుండా, తెలిసిన మొదటి ఒకటి రెండు అంకెల దగ్గరే ఆపేయండి.